నునావుట్ బడిలో మొదటి డిసెంబర్ ఎలా గట్టెక్కాలి?

మీరు అడిగినవి నాలుగు: కెనడా ఉత్తర కొసన నునావుట్‌లో మీరు పనిచేసే పాండ్ ఇన్‌లెట్ ఊళ్లో చీకటి నెలని ఎలా తట్టుకోవాలి, ఐదో తరగతిలో హాజరు పడిపోతుంటే పాఠాలు ఎలా నడపాలి, క్రిస్మస్ కాన్సర్ట్‌కి పిల్లల్ని ఎలా తయారు చేయాలి, సెలవులకి హైదరాబాద్ టికెట్ కొనాలా వద్దా. శాకాహారినని కూడా అన్నారు.

అన్నిటికీ ఒకటే సూత్రం. డిసెంబర్‌లో ఏ ఒక్క రోజు ఎగిరిపోయినా మిగతాది కూలిపోకుండా ప్లాన్ చేసుకోండి. మంచు తుఫానుకి బడి మూస్తారు, ఊళ్లో ఎవరైనా పోతే మూస్తారు, ఒక్కోసారి బాయిలర్ ఆగి మూస్తారు. సెలవులు ఎప్పుడు మొదలయ్యేదీ ఊరివాళ్లు ఎన్నుకున్న డిస్ట్రిక్ట్ ఎడ్యుకేషన్ అథారిటీయే నిర్ణయిస్తుంది, కాబట్టి పక్క ఊరి టీచర్ చెప్పిన తేదీని నమ్ముకోకండి. మీ బడి క్యాలెండర్ ముందేసుకుని వెనక నుంచి లెక్కపెట్టుకు రండి.

ముందు చీకటి సంగతి. నునావుట్ అంతా ఒకేలా ఉండదు. అర్వియాట్‌లో డిసెంబర్ 21న కూడా దాదాపు ఐదున్నర గంటలు పగలుంటుంది, ఇకాలుయిట్‌లో నాలుగు గంటల చిల్లర. మీ ఊళ్లో మాత్రం నవంబర్ మధ్యలో దిగిన సూర్యుడు మళ్లీ జనవరి చివర్లోనే పైకొస్తాడు. అలాగని ఇరవైనాలుగ్గంటలూ కారుచీకటి కాదు. మధ్యాహ్నం చుట్టూ కాసేపు నీలి వెలుగు ఉంటుంది. డిసెంబర్ పున్నమి రోజుల్లో చంద్రుడు అస్తమించకుండా ఆకాశంలోనే చుట్టూ తిరుగుతుంటాడు, మంచు మీద ఆ వెన్నెల్లో దారి బాగానే కనిపిస్తుంది. చిక్కల్లా ఆ నీలి వెలుగున్న కాస్త సేపూ మీరు ట్యూబులైట్ల కింద ఉండిపోవడమే. మధ్యాహ్నం 12కి బడి వదిలితే పిల్లలూ టీచర్లూ ఇంటికెళ్లి తినిరావడం అక్కడ చాలా ఊళ్లలో ఆనవాయితీ. స్కిడూ (మంచు మీద నడిచే బండి) ఎక్కించుకుంటామని ఎవరన్నా మొహమాటపడకుండా వద్దని చెప్పి నడిచి వెళ్లండి. విండ్‌చిల్ (గాలితో కలిపి ఒంటికి తగిలే చలి) మైనస్ 40 దాటిన రోజు మాత్రం ఎక్కేయండి, ఎందుకంటే ఆ చలిలో కప్పుకోని చర్మం 5 నుంచి 10 నిమిషాల్లో గడ్డకడుతుంది.

పగటి వెలుగుకి బదులుగా వాడే 10,000 లక్స్ ల్యాంప్ కొంటే లేచీ లేవగానే 20 నుంచి 30 నిమిషాలు, ముఖానికి 40–60 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకోండి. దాన్నే చూస్తూ కూర్చోనక్కర్లేదు, పక్కన పెట్టుకుని టిఫిన్ చేస్తే చాలు. సాయంత్రం బడి నుంచి నీరసంగా వచ్చి వెలిగించడమే చాలామంది చేసే పొరపాటు, దాంతో రాత్రి నిద్ర ఇంకా వెనక్కి జరుగుతుంది. విటమిన్ డి మోతాదు హెల్త్ సెంటర్‌లో నర్సుని అడగండి. ఊళ్లోవాళ్లకి చేపల్లోంచి, సీల్ మాంసంలోంచి అందేది మీ పప్పన్నంలోంచి అందదు.

పిల్లల నిద్ర కూడా తలకిందులవుతుంది. ఇరవై మంది క్లాసులో తొమ్మిదికి ఏడుగురుంటే పదిన్నరకి పద్నాలుగు మంది అవుతారు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి గుమ్మం దగ్గర నిలదీస్తే రేపు అసలు రాడు. "వచ్చావా, కూర్చో" అనండి, చాలు. కొత్త పాఠం, పరీక్ష, ఏదైనా సరే మొదటి పీరియడ్‌లో పెట్టకండి. ఆ గంటకి బ్రెక్‌ఫాస్ట్, చదివి వినిపించడం, సొంతంగా చేసుకునే పని ఉంచండి. నిన్నటి పాఠం మీద ఆధారపడే పాఠాలు నవంబర్‌తో ముగించి, డిసెంబర్‌కి ఏ రోజుకి ఆ రోజు పూర్తయ్యేవి పెట్టుకోండి. వారం సాగే ప్రాజెక్టులో మంగళవారం, గురువారం రాని పిల్లవాడికి శుక్రవారం చేతిలో ఏమీ ఉండదు.

భిన్నాలకి ఒక పాఠం చెప్తాను, ఒక్క పూటలో అయిపోతుంది. బానక్ రొట్టె. 3 కప్పుల మైదా, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల బేకింగ్ పౌడర్, టీస్పూన్ ఉప్పు, పావు కప్పు నూనె, ఒకటిన్నర కప్పు నీళ్లు. సగానికి, ఒకటిన్నర రెట్లకి కొలతలు పిల్లల చేతే కట్టించండి. పిండిని చపాతీ పిండిలా మర్దించకూడదు, ముద్దయితే చాలు, ఎక్కువ పిసికితే రొట్టె సాగుతుంది. రెండు సెంటీమీటర్ల మందాన పరిచి 200 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు. ఊళ్లో ఎవరింట్లోనైనా బానక్ పెడితే తినేముందు ఒక మాట అడగండి. చాలామంది నూనె బదులు లార్డ్ వేస్తారు, అంటే పంది కొవ్వు.

సైన్స్‌కి ఆకాశం ఉంది. నునావుట్‌లోనే ఉన్న ఇగ్లూలిక్ ఊరి వైపు పెద్దవాళ్లు డిసెంబర్ మధ్యలో తెల్లవారుజామున ఈశాన్యాన కనిపించే రెండు నక్షత్రాలని ఆగ్జూక్ అంటారు. అవి కనిపిస్తే వెలుగు తిరిగి రావడానికి రోజులు దగ్గరపడ్డాయని గుర్తు. అవి ఆల్టెయిర్, టరాజెడ్, అంటే మన శ్రవణా నక్షత్రంలోవే. ఇగ్లూలిక్‌లో సూర్యుడు తిరిగొచ్చేది కూడా మన సంక్రాంతి రోజుల్లోనే. ఈ పాఠం మీరే చెప్పేయకుండా, ఇనుక్టిటుట్ (అక్కడి ఇన్యూట్ జనం భాష) టీచర్ ద్వారా ఒక పెద్దాయన్నో పెద్దావిడనో క్లాసుకి పిలిపించండి. వాళ్లు మాట్లాడుతూ మధ్యలో ఆగితే ఆ ఖాళీని మీరు నింపకండి. అయిపోయింది కాబోలనుకుని టీచర్ థ్యాంక్యూ చెప్పేస్తే అసలు కథ లోపలే ఉండిపోతుంది.

మీ పిల్లలు జవాబు చెప్పట్లేదని రాశారు. మొహాలు చూడండి. కనుబొమ్మలు పైకెత్తితే అవును, ముక్కు ముడిస్తే కాదు. నోటితో చెప్పమని పట్టుబడితే చెప్పిన జవాబుని మీరు వినలేదన్నట్టే ఉంటుంది. మూడో తరగతి దాకా చాలా బడుల్లో చదువు ఇనుక్టిటుట్‌లోనే సాగుతుంది, కాబట్టి ఐదో తరగతివాళ్లకి ఇంగ్లీషులో పూర్తి వాక్యం ఇంకా బరువే.

ఇక కాన్సర్ట్. మన దగ్గర స్కూల్ వార్షికోత్సవంలాగే ఊరు ఊరంతా జిమ్‌లోకి దిగుతుంది, ముందు వరసలో పెద్దవాళ్లు, వెనక అమావుటిలో (బిడ్డని వీపున మోసే కోటు) పసిపిల్లలతో తల్లులు. ఒక్కో క్లాసుకి మూడు నాలుగు నిమిషాలు మించకూడదు. నాటకం పెట్టి ముఖ్య పాత్ర ఒక్కరికే ఇస్తే ఆ పిల్ల ఆ రోజు రాకపోవడమో, వచ్చి సిగ్గుతో స్టేజి ఎక్కకపోవడమో జరుగుతుంది. అందరూ కలిసి పాడేది ఎంచుకోండి. సగంమందే వచ్చినా నిలబడాలి. ఒక పాటైనా ఇనుక్టిటుట్‌లో ఉండాలి, ఉచ్చారణ మీరు నేర్పకండి, పిల్లల చేత మీరు నేర్చుకోండి. మీకు నేర్పే ఆ కాసేపూ వాళ్ల ఉత్సాహం చూడాలి! తుఫాను వస్తే ఏ రోజుకి మారుస్తారో ప్రిన్సిపల్‌తో ముందే తేల్చుకోండి. రంగు కాగితాలు, జిగురు, టేపు నవంబర్ మొదట్లోనే చేతిలో ఉండాలి. ఆ తర్వాత ఆర్డర్ పెట్టిన పార్సిల్ జనవరిలో దిగినా ఆశ్చర్యం లేదు, విమానాల్లో సరుకు పేరుకుపోతుంది.

క్లాసులో డబ్బుతో కొనే బహుమతుల మార్పిడి పెట్టొద్దు. అక్కడి ధరల్లో కొన్ని ఇళ్లకి అది మోయలేని ఖర్చు. "సెలవుల్లో నాకేం కొన్నారు" లాంటి వ్యాసాలూ వద్దు. కొందరు పిల్లలకి సెలవులంటే పొద్దున బడిలో దొరికే తిండి ఆగిపోవడం, ఇరుకింట్లో రెండు వారాలు గడపడం. ఆఖరి వారంలో ఉన్నట్టుండి గొడవపడేవాళ్లూ, టేబుల్ మీద తల పెట్టేసేవాళ్లూ కనిపిస్తే క్రమశిక్షణ అని మొదలుపెట్టకుండా స్కూల్ కమ్యూనిటీ కౌన్సెలర్‌కి చెప్పండి. ఆ కుటుంబం సంగతులు మీకంటే వాళ్లకి తెలుసు.

ఊరి విందులో నేల మీద అట్టలు పరిచి గడ్డకట్టిన చార్ చేప, కారిబూ (అక్కడి దుప్పి), సీల్ మాంసం పెడతారు, ఊలూ అనే అర్ధచంద్రాకారపు కత్తితో కోసుకు తింటారు. మీరు తిననని నవ్వుతూ చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. ముక్కు మాత్రం మూసుకోకండి. టీ పట్టుకుని పక్కన కూర్చోండి.

ఇంటి విషయం. నీళ్లు ట్యాంకర్‌లో వస్తాయి, మురుగు కూడా ట్యాంకర్‌లోనే పోతుంది. చాలా ఇళ్లలో మురుగు ట్యాంకు నిండితే నీళ్ల పంపు దానంతటదే ఆగిపోతుంది, పైప్ పాడైందని కంగారుపడకండి. తుఫాను హెచ్చరిక రాగానే బకెట్లు నింపి, అన్నం వండేసి, హెడ్‌ల్యాంప్ చార్జ్ చేసుకోండి. గంటకి 40 కిలోమీటర్లకి తగ్గని గాలి, 400 మీటర్లకి మించి కనిపించకపోవడం, ఇలా 6 గంటలు సాగితేనే అక్కడ దాన్ని బ్లిజార్డ్ అంటారు, నిజంగా పట్టుకుంటే రెండు మూడు రోజులు కూడా ఉంటుంది. పార ఇంటి లోపల ఉండాలి. బయట పెడితే తలుపుకి అడ్డంగా పేరుకున్న మంచు కిందే పార కూడా ఉంటుంది. ఆవకాయ సీసాలు, కొబ్బరినూనె చలి పోర్చ్‌లో పెట్టకండి, గాజు పగులుతుంది. బడి మూసిన సంగతి ముందుగా ఊరి రేడియోలో చెబుతారు, రేడియో కొనుక్కోండి.

టికెట్ గురించి నా సలహా, మొదటి ఏడాది వెళ్లకండి. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా కమ్యూనిటీ హాల్లో రోజూ ఆటలు, స్క్వేర్ డాన్సులు ఉంటాయి, పిల్లలు మిమ్మల్ని అక్కడ చూస్తే జనవరిలో క్లాసు వేరేలా నడుస్తుంది. తప్పదనుకుంటే హైదరాబాద్ విమానానికీ మీరు ఒట్టావా చేరే రోజుకీ మధ్య రెండు రాత్రులైనా ఖాళీ ఉంచండి. పాండ్ ఇన్‌లెట్ నుంచి ఇకాలుయిట్, అక్కడి నుంచి ఒట్టావా, ఈ రెండిట్లో ఏ ఒక్క చోట వాతావరణం చెడినా తర్వాతి ప్రయాణమంతా వెనక్కి జరుగుతుంది. టికెట్లు విడివిడిగా కొంటే తప్పిపోయిన విమానం ఖర్చు మీదే. తిరిగొచ్చేటప్పుడూ బడి తెరిచే ముందురోజుకి కాకుండా రెండు మూడు రోజులు ముందుగా దిగేలా చూసుకోండి.

వెళ్లేముందు హీటింగ్ పూర్తిగా ఆపొద్దు, 15 డిగ్రీల దగ్గర ఉంచండి. ఇంధనం ట్యాంకు నింపించి, సింకు కింద అర తలుపులు తెరిచి, తాళం ఊళ్లో ఉండే సహోద్యోగికిచ్చి రోజూ ఒకసారి లోపలికెళ్లి చూడమనండి. ఫర్నేస్ ఆగితే పైపులు గడ్డకట్టడానికి రోజులు పట్టదు, గంటలు చాలు. పార్కా (మందపాటి చలి కోటు), బూట్లు, మందులు చెక్-ఇన్ సామానులో వేయకండి. పెట్టె ఒట్టావాలో ఉండిపోయి మీరు మైనస్ 35లో రన్‌వే మీద దిగే అవకాశం ఉంది.