పిలుపు వినిపించాక ఏం చేయాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఉద్యోగం వదిలి పూర్తికాల పరిచర్యకు రమ్మని ప్రభువు పిలుస్తున్నాడని కొన్నాళ్లుగా మనసులో బలంగా ఉంది. అది ఆయన పిలుపో, నా కోరికో తేలడం లేదు. గిద్యోనులా నేనూ ఒక గుర్తు అడగవచ్చా?

జవాబు: గిద్యోను కథను ముందు వరుసగా చదవండి. మిద్యానీయుల చేతిలోనుంచి ఇశ్రాయేలును రక్షించడానికి వెళ్లమని న్యాయాధిపతులు 6:14లోనే దేవుడు అతనికి చెప్పాడు. గొర్రెబొచ్చు నేలమీద పరిచింది ఆ తర్వాత, 36వ వచనం దగ్గర. అంటే ఏం చేయాలో తెలియక కాదు, తెలిసినా ధైర్యం చాలక గుర్తు అడిగాడు. ఒక రాత్రి బొచ్చు తడిసి నేల ఆరి ఉన్నా అతనికి సరిపోలేదు. మరుసటి రాత్రి బొచ్చు ఆరి నేల తడవాలన్నాడు. దేవుడు ఆ బలహీనతను దయతో ఓర్చుకున్నాడు గానీ, మీరూ ఇలాగే చేయండని లేఖనం ఎక్కడా చెప్పలేదు. "రేపు ఫలానావారు ఫోన్ చేస్తే వెళ్తాను" అనుకునేవారికీ ఇదే చిక్కు. ఫోన్ వస్తే అనుకోకుండా వచ్చిందేమోనన్న అనుమానం, రాకపోతే ఇంకో గుర్తు కోసం ఎదురుచూపు.

నెహెమ్యా నడిచిన తీరు మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. యెరూషలేము గోడ కూలిపోయిందన్న వార్త కిస్లేవు నెలలో విన్నాడు. తాను కొలువు చేస్తున్న పారసీక రాజు ముందు నోరు విప్పింది నీసాను నెలలో. మధ్యలో సుమారు నాలుగు నెలలు గడిచాయి. ఆ రోజుల్లో ఉపవాసముండి ప్రార్థించాడు, గిన్నె అందించే తన కొలువు మాత్రం మానలేదు. రాజు అడిగిన రోజున చెప్పడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి: ఎంతకాలం పడుతుంది, దారిలో అధిపతులకు ఏ ఉత్తరాలు కావాలి, మ్రాను ఎవరి దగ్గర తీసుకోవాలి. యెరూషలేము చేరాక కూడా రాత్రివేళ కొద్దిమందితో తిరిగి గోడను స్వయంగా చూశాకే పెద్దలకు చెప్పాడు. ఇంత లెక్క చూసుకోవడం అవిశ్వాసమైతే నెహెమ్యా పేరు అంత గౌరవంగా నిలిచేది కాదు.

కాబట్టి ఒక ఆరు నెలలు గడువు పెట్టుకోండి. నోట్‌బుక్‌లో తేదీ వేసి, మిమ్మల్ని కదిలించిన వాక్యాన్ని ఒక్క వచనంగా కాక అధ్యాయమంతా చదివి రాయండి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వేరొకరికి, వేరే సందర్భంలో ఇచ్చిన మాటను మధ్యలోంచి తీసుకుని వాగ్దానమనుకుంటారు. రెండోది, మీ పరిచర్యను దగ్గరగా చూసినవారిని, అవసరమైతే "వద్దు" అని చెప్పగలిగిన ఇద్దరు ముగ్గురు పెద్దలను అడగండి. అంతియొకయ సంఘం బర్నబాను, సౌలును (పౌలును) పరిచర్యకు పంపేనాటికి వారు అక్కడ సంవత్సరంపాటు బోధించి ఉన్నారు (అపొస్తలుల కార్యములు 11:26). ఆత్మ మాట విన్నాక కూడా సంఘం మళ్లీ ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి పంపింది (13:3). సంఘంలో మీరు ఇప్పటికే రోగులను చూడడానికి వెళ్తున్నారా, పిల్లలకు వాక్యం నేర్పుతున్నారా? లేకపోతే రాజీనామా కంటే ముందు అదే మొదలుపెట్టండి. మూడోది, అప్పులు, నెల ఖర్చు, ఆధారపడినవారి అవసరాలు కాగితం మీద పెట్టండి. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడన్నది యేసు మాటే (లూకా 14:28).

ఇవన్నీ అయ్యాక కూడా కొంత చీకటి మిగులుతుంది. అబ్రాహాము 75 ఏళ్ల వయసులో హారాను విడిచినప్పుడు ఎక్కడికి వెళ్తున్నాడో ఎరుగడు. గడువు తీరినా భారం తగ్గక, పెద్దల మాట కూడా కలిస్తే ఇక ఆలస్యం చేయకండి. అక్కడినుంచి వాయిదా వేయడం జాగ్రత్త కాదు.

ప్రశ్న: భయం, సందేహం ఉన్నాయంటే నాలో విశ్వాసం లేనట్టేనా?

జవాబు: కాదు. ఇశ్రాయేలీయులను ఐగుప్తునుంచి విడిపించమని మండుచున్న పొద దగ్గర దేవుడు పిలిచినప్పుడు మోషే అయిదుసార్లు అడ్డుచెప్పాడు. నేనెంతటివాణ్ణి, నీ పేరేమని చెప్పాలి, వాళ్లు నమ్మకపోతే, నేను నోటిమాంద్యం గలవాణ్ణి... ఈ నాలుగింటికీ దేవుడు ఓపికగా బదులిచ్చాడు. వేరెవరినైనా పంపమన్నప్పుడే ఆయన కోపం రగులుకుంది (నిర్గమ 4:13, 14). అయినా అప్పుడు కూడా అతని అన్న అహరోనును తోడిచ్చాడు. మీది అడిగే సందేహమా, తప్పించుకునే సందేహమా చూసుకోండి. మొదటిదైతే ఉన్నదున్నట్టు ప్రార్థనలో చెప్పండి.

ప్రశ్న: ఇంట్లో నా భార్య ఒప్పుకోవడం లేదు. "మనుష్యులకు కాదు, దేవునికే లోబడవలెను" అన్న మాట పట్టుకుని ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: వద్దు. పేతురు ఆ మాట అన్నది యూదుల న్యాయసభ అయిన మహాసభ ముందు, క్రీస్తును ప్రకటించవద్దన్న నిషేధానికి జవాబుగా. ప్రభువు స్పష్టంగా ఇచ్చిన ఆజ్ఞను మహాసభ ఆపింది. మీ భార్య ఆపుతున్నది మీరు ఇంకా పరీక్షిస్తున్న ఒక తలంపును. పిల్లల చదువు గురించి, ఇంటి అద్దె గురించి ఆమె అడిగితే అది సాతాను అడ్డంకి కాదు, భార్యగా ఆమెకున్న బాధ్యత. ఇంటివారిని సంరక్షించనివాడు విశ్వాసాన్ని విసర్జించినవాడన్న హెచ్చరిక (1 తిమోతి 5:8) పరిచర్యలో ఉన్నవారికీ వర్తిస్తుంది. కొర్బాను (దేవునికి అర్పితం) పేరుతో తల్లిదండ్రులను గాలికి వదిలేయడాన్ని యేసు ఎంత గట్టిగా ఖండించాడో మార్కు 7లో చూడండి. నోట్‌బుక్ ఆమె ముందు పెట్టి కలిసి ప్రార్థించండి. ఆమె అభ్యంతరాలు రాసుకుని ఒక్కొక్కదానికి జవాబు వెతకండి. దేవుడు మిమ్మల్ని పిలిస్తే ఆమెతో మాట్లాడడం కూడా ఆయనకు తెలుసు.

ప్రశ్న: లోబడి అడుగువేశాను. అప్పటినుంచి కష్టాలే. తప్పుగా విన్నానా?

జవాబు: కష్టాన్ని బట్టి అది తేల్చలేం. మాసిదోనియ దర్శనం చూసి బయల్దేరిన పౌలు ఫిలిప్పీలో బెత్తపు దెబ్బలు తిని చెరసాలలో పడ్డాడు. దేవుని మాట తప్పించుకుని పారిపోతున్న యోనాకు మాత్రం యొప్పే రేవులో తర్షీషు ఓడ సిద్ధంగా దొరికింది, చేతిలో కేవు (ఓడ ఛార్జీ) ఉంది, ఓడలో గాఢనిద్ర కూడా పట్టింది. చూడవలసింది వేరే ఉంది: ఆలస్యాన్ని భరించలేక మీరు సొంతంగా ఏమైనా కలిపారా? దాసి హాగరుకు ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాహాముకు 86, దేవుడు వాగ్దానం చేసిన కొడుకు ఇస్సాకు పుట్టినప్పుడు 100. మధ్యలో వేసుకున్న సొంత ఏర్పాటు ఆ ఇంట్లో అందరినీ బాధపెట్టింది. ప్రభువు చెప్పని భవనం, తీర్చలేని అప్పు, ఇతరులతో పోటీ లాంటివి ఉంటే వాటిని వదలండి, పిలుపును కాదు. డబ్బే ఇబ్బందైతే కొంతకాలం పని చూసుకోవడం వెనక్కి తిరగడమని అనుకోకండి. కొరింథులో పౌలు డేరాలు కుట్టుకుంటూనే ప్రతి విశ్రాంతిదినాన సమాజమందిరంలో వాక్యం చెప్పాడు (అపొ. 18:3, 4).