మీ బండి, మా జవాబు: లంబోర్గినికి అరువిచ్చిన ఫియట్ దీపాలు

ప్రశ్న: మాస్టారూ, మాది తెనాలి. ఉద్యోగరీత్యా జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాను. చిన్నప్పుడు మా నాన్నగారి ఫియట్ 1100లో వెనక సీటు నాదే. ఆ మమకారంతో ఇటలీ నుంచి 1966 నాటి ఫియట్ 850 స్పైడర్ తెప్పించుకున్నాను. ఇంజను, బాడీ బాగున్నాయి. బాధంతా హెడ్‌లైట్లతోనే. డిమ్ ఏదో సర్దుకోవచ్చు, ఫుల్ కొడితే మాత్రం కొట్టినట్టే ఉండదు. రిఫ్లెక్టర్ కింది భాగంలో గోధుమ రంగు మచ్చ ఉంది. ఒక మెకానిక్ క్రోమ్ పూత వేయిద్దామంటాడు. ఇంకొకాయన ఎల్‌ఈడీ బల్బు పెట్టేయమంటాడు. ఇంగ్లండ్‌లో ఒకరి దగ్గర హెడ్‌లైటు అద్దాలు చవగ్గా దొరుకుతున్నాయి. ఇవే దీపాలు లంబోర్గిని కారు పేరుతో, 'మ్యూరా హెడ్‌లైట్లు' అని చూస్తే ధర వినడానికే భయమేస్తోంది. ఏం చేయమంటారు? ఫోటోలు జతచేశాను.
– కె.ఆర్., స్టుట్‌గార్ట్

జవాబు: ముందు ఆ మ్యూరా సంగతి తేల్చుకుందాం, మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

మీ బండి 1965 మార్చిలో జెనీవా మోటార్ షోలో బయటికొచ్చింది. గీసింది, కార్ల రూపాలు గీసి బాడీలు కట్టే బెర్తోనె సంస్థలో అప్పుడు పనిచేస్తున్న జ్యుజారో అనే డిజైనర్. బాడీలు కట్టింది కూడా టురిన్ పక్కన గ్రుల్యాస్కోలో ఉన్న బెర్తోనె ఫ్యాక్టరీలోనే. సరిగ్గా ఏడాది తర్వాత అదే జెనీవాలో లంబోర్గిని మ్యూరా వచ్చింది. అదీ బెర్తోనె వాళ్ళదే, గీసింది మార్చెల్లో గాందీని అనే మరో డిజైనర్. అంత ఖరీదైన, కొద్ది సంఖ్యలో చేసే కారుకు ప్రత్యేకంగా హెడ్‌లైటు అచ్చులు పోయించడమంటే బోలెడు ఖర్చు. తమ దగ్గరే తయారవుతున్న చిన్న ఫియట్ దీపం వాలుగా, అందంగా ఉంది. దాన్నే తీసుకొచ్చి మ్యూరాకు పెట్టారు. దీపం ఆర్పినప్పుడు వెల్లకిలా పడుకుని, వెలిగించినప్పుడు పైకి లేచేట్టు అమర్చారు. చుట్టూ కనురెప్పల్లా నల్లటి గీతలు పెట్టారు. అవి చూసి జనం మురిసిపోయారు కానీ లోపలున్నది 843 సీసీ ఫియట్ దీపమే.

మ్యూరాలు మొత్తం చేసింది 760 పైచిలుకు. 850 స్పైడర్లు లక్షా ఇరవై వేలకు పైనే. కాబట్టి ఏ పెట్టె మీద ఏ పేరు రాసి ఉందో చూసి కొనకండి. ఫియట్ పేరుతోనే వెతకండి. మీ దీపాలు బాగుచేయదగ్గ స్థితిలోనే ఉన్నాయి కనుక అసలు కొనకుండానే సరిపోవచ్చు.

ఇక జబ్బు. 'డిమ్ ఫర్వాలేదు, ఫుల్ మాత్రం లేదు' అని మీరు రాసిన ఒక్క ముక్కలోనే విషయమంతా ఉంది. మీ దీపంలో ఉండేది ఆర్2 రకం బల్బు. ఫుల్ 45 వాట్లు, డిమ్ 40 వాట్లు. రెండు ఫిలమెంట్లలో డిమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు దొన్నె ఒకటి ఉంటుంది. డిమ్ వెలిగినప్పుడు ఆ దొన్నె వెలుగును కిందికి పోనివ్వదు. అంటే డిమ్‌లో రిఫ్లెక్టర్ పైసగమే పనిచేస్తుంది. ఫుల్ వేసినప్పుడు పైదీ కిందిదీ రెండూ పనిచేయాలి. దీపంలోకి చేరిన చెమ్మ ఎక్కడ నిలుస్తుంది? అడుగునే. అందుకే పూత అడుగునుంచి పోతూ వస్తుంది, డిమ్ నిలబడి ఫుల్ గుడ్డిదవుతుంది. మీ మూడో ఫోటోలో గోధుమ మచ్చ సరిగ్గా అక్కడే ఉంది. ఈ జబ్బుకు బల్బు మార్చడం మందు కాదు.

అయితే రిఫ్లెక్టర్ విప్పకముందు ఒక పని చేయండి. మల్టీమీటరు తీసుకుని, లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర ఎంత వోల్టేజీ ఉందో, బల్బు వెనక హోల్డర్ దగ్గర ఎంత ఉందో చూడండి. ఎర్త్ వైపు కూడా విడిగా కొలవండి, చాలామంది అది వదిలేస్తారు. అరవై ఏళ్ళ వైరింగులో పచ్చగా చిలుము పట్టిన టెర్మినళ్ళు, రంగు కింద ఇరుక్కున్న ఎర్త్ స్క్రూ ఉండడం మామూలే. వోల్టేజీలో పదో వంతు దారిలో పోయిందంటే వెలుగులో సుమారు 30 శాతం పోయినట్టు. ఫిలమెంటు స్వభావమే అంత. కొంచెం తక్కువ వోల్టేజీ వస్తే చాలు, ఎర్రబడి మూలుగుతుంది. టెర్మినళ్ళు శుభ్రం చేసి, ఎర్త్ పాయింటు కింద రేకు తేలేదాకా గీకి, కొంచెం గ్రీజు రాసి బిగించండి. అప్పటికీ తేడా అర వోల్టు దాటి ఉంటే రిలేలు పెట్టండి. పాత స్విచ్చి రిలేకి సైగ మాత్రం చేస్తే చాలు, అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావు వైరులో నేరుగా బల్బుకు వెళ్తుంది. ఫ్యూజు మరవకండి. రిలేలు కనపడకుండా దాచొచ్చు, ఎప్పుడు కావాలన్నా తీసేయొచ్చు కూడా. ఒరిజినాలిటీ అని ప్రాణం పెట్టేవాళ్ళు సైతం దీనికి పెద్దగా అభ్యంతరం చెప్పరు.

ఇక దీపం విప్పడం. అద్దాన్ని రిఫ్లెక్టర్‌కి క్లిప్పులతో పట్టారో, జిగురుతో అంటించారో ముందు చూసుకోండి. క్లిప్పులైతే ఒక్కొక్కటే మెల్లగా. జిగురైతే హాట్ ఎయిర్ గన్‌తో చుట్టూ తిప్పుతూ నిదానంగా వెచ్చబెట్టాలి. ఒకేచోట వేడి తగిలితే గాజు టప్పుమంటుంది, తర్వాత మ్యూరా ధర పెట్టాల్సింది మీరే. జిగురు మెత్తబడ్డాక సన్నటి తీగతో కోసుకుంటూ రండి. స్క్రూడ్రైవర్ పెట్టి తన్నకండి.

విప్పాక బయట పెట్టిన ప్రతి రిఫ్లెక్టర్‌నూ మన చేతులు తుడవాలని చూస్తాయి. తుడవొద్దు. పూత వెండిదా అల్యూమినియందా తెలిసేదాకా గుడ్డ కూడా తగలనివ్వకండి. అల్యూమినియం పూత మైక్రాన్‌లో పదో వంతు మందం కూడా ఉండకపోవచ్చు. ఇత్తడి పాలిష్ పెట్టి ఒక్క రుద్దు రుద్దితే పూత గుడ్డకు వస్తుంది, రేకు మీకు మిగులుతుంది. వెండి అయితే నల్లబడుతుంది, దాన్ని కొంతవరకు జాగ్రత్తగా మెరిపించుకోవచ్చు. మీ మచ్చ గోధుమ రంగులో, పెచ్చులు లేచి ఉంది కాబట్టి మెరుగుపెట్టే దశ దాటిపోయింది. కొత్త పూత వేయించాల్సిందే. పాత ఇత్తడి గిన్నెకు కళాయి వేయించడం లాంటిదే అనుకోండి. గిన్నె అదే, లోపలి పూత కొత్తది.

ఆ పూత క్రోమ్ మాత్రం కాకూడదు. మీ మెకానిక్ చెడ్డ ఉద్దేశంతో అని ఉండడు. క్రోమ్ తళతళ మెరుస్తుంది, తుప్పు పట్టదు, చవక. బంపరుకు బంగారం లాంటిది. కానీ తన మీద పడిన వెలుగులో మూడింట రెండు వంతులే తిరిగి పంపుతుంది. వెండి 95 శాతం దాకా పంపుతుంది, అల్యూమినియం 90కి కొంచెం తక్కువ. అసలే 45 వాట్ల బల్బు, అందులో మూడో వంతు క్రోమ్‌కి సమర్పించుకుంటే రాత్రి కంట్రీ రోడ్డు మీద ఏం కనపడుతుంది? బల్బు ఆర్పి ఉన్నంతసేపే బాగుంటుంది ఆ దీపం.

వెండా, అల్యూమినియమా అంటే నా ఓటు అల్యూమినియానికి. వెండి వెలుగు కొంచెం ఎక్కువే, కాదనను. కానీ గాలిలో గంధకం తగిలితే చాలు నల్లబడడం మొదలవుతుంది. అలా కాకుండా పైన వార్నిష్ వేస్తే అదే కొన్నేళ్ళకు పసుపెక్కుతుంది. అల్యూమినియం పూత వేసే పద్ధతి వేరు. పాత పూత తీసేసి, తుప్పు గుంటలు పూడ్చి, నున్నటి లక్క లాంటి పొర వేసి కాలుస్తారు. తర్వాత గాలి మొత్తం తోడేసిన గదిలో పెట్టి, టంగ్‌స్టన్ తీగ మీద అల్యూమినియం ముక్కలు వేడిచేసి ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి రిఫ్లెక్టర్ మీద అద్దంలా అంటుకుంటుంది. పైన పల్చటి రక్షణ పొర. జర్మనీలో, ఇటలీలో పాత కార్ల దీపాలకు ఈ పని చేసిపెట్టే చిన్న వర్క్‌షాపులున్నాయి. ఇచ్చేముందు రెండు మాటలు అడగండి: గుంటలు పూడ్చేటప్పుడు రిఫ్లెక్టర్ వంపు మారకుండా చూస్తారా, పై పొర బల్బు వేడికి తట్టుకుంటుందా? రెండింటికీ సూటిగా జవాబు చెప్పనివాడికి దీపం ఇవ్వకండి. మచ్చ ఒకదానికే ఉన్నా రెండూ కలిపి చేయించండి, లేకపోతే ఒక కన్ను తెల్లగా, ఒక కన్ను పాలిపోయి కనపడుతుంది.

అద్దాన్ని గోరువెచ్చటి సబ్బు నీళ్ళతో కడగండి చాలు. లోపలివైపు గీతలు వెలుగును రోడ్డు మీద పరిచేవి, వాటి జోలికి పోవద్దు. బయట సన్నటి మసక ఉంటే సీరియం ఆక్సైడ్ పొడి తడిపి ఫెల్టుతో రుద్దితే పోతుంది. కంకర తగిలిన గుంటలు మాత్రం పోవు. అవి ఉండనివ్వండి, అరవై ఏళ్ళ బండి కదా.

ఇంగ్లండ్ అద్దాలు కొనొద్దు. ఎందుకో ఒక్క గోడ దగ్గర పరీక్షిస్తే తెలుస్తుంది. డిమ్ వెలుగు పైఅంచు ఒకవైపు కొంచెం పైకి లేచి ఉంటుంది, రోడ్డు పక్క నడిచేవాళ్ళు, బోర్డులు కనపడడానికి. కుడివైపు నడిచే దేశాల్లో అది కుడివైపుకు లేస్తుంది. ఇంగ్లండ్‌లో, మన దేశంలో ఎడమవైపుకు. ఆ అద్దం జర్మనీలో పెడితే ఎదురొచ్చేవాడి కళ్ళలో కొట్టినట్టే. ఇంగ్లిష్ 'E' అక్షరం వలయంలో ఉన్న అద్దమైతే, దానికెదురుగా నిలబడి చూడండి. కుడివైపు చూపే బాణం గుర్తు ఉంటే అది ఎడమవైపు ట్రాఫిక్‌కి చేసిందని అర్థం. వలయంలో 'E' పక్కన 3 ఉంటే ఇటలీ ఆమోదం, 1 అయితే జర్మనీ, 2 అయితే ఫ్రాన్స్. మీ పాత అద్దాల మీద దానికి బదులు ఐ.జి.ఎం. అని, ఒక నంబరు ఉండొచ్చు. అది ఇటలీ రవాణా శాఖ పాత ముద్ర. అది ఉంటే అద్దాన్ని కళ్ళకద్దుకోండి, అసలైనదే.

ఎల్‌ఈడీ గురించి అడిగారు కదా. రిఫ్లెక్టర్ అంటే ఫిలమెంటు ఎక్కడ ఉంటుందో ఆ చుక్క చుట్టూ లెక్కగట్టి వంచిన రేకు. ఎల్‌ఈడీ వెలుగు వేరే చోటి నుంచి, వేరే ఆకారంలో వస్తుంది. వెలుగు ఎక్కువైనట్టే ఉంటుంది, పడాల్సిన చోట పడదు. జర్మనీలో కొన్ని ఎల్‌ఈడీ బల్బులకు అనుమతి ఉన్నా, అది జాబితాలో పేరున్న కార్లకే. మీ పాతకార్ల నంబరు ప్లేటు, అదే ఆ చివర హెచ్ అక్షరం ఉండేది, పోగొట్టుకునేంత విలువైంది కాదు ఆ బల్బు. హెచ్4 హాలోజన్‌ను ఆర్2 కాలర్‌తో అమ్మేవీ ఉన్నాయి. 60/55 వాట్లు కాబట్టి వేడీ ఎక్కువే, పాత స్విచ్చి మీద బరువూ ఎక్కువే. కొత్త పూత వేయించి, వోల్టేజీ సరిచేశాక మామూలు ఆర్2 వెలుగు చూడండి. 1966లో ఆల్ప్స్ కొండదారుల్లో ఆ వెలుగుతోనే తిరిగారు జనం.

బిగించేటప్పుడు వెనక రబ్బరు తొడుగు కొత్తది వేయండి, మళ్ళీ చెమ్మ చేరకుండా. తర్వాత చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపి, డిమ్ పైఅంచు దీపం ఎత్తుకన్నా 10 సెంటీమీటర్లు కిందికి ఉండేట్టు సర్దుకోండి. ఆనక తనిఖీ కేంద్రంలో పరికరంతో చూపించుకుంటే సరి.

ప్రశ్న: నమస్కారమండీ. నాదీ 850 స్పైడరే, 1970 మోడల్, అమెరికాలో అమ్మిన బండి. దీపాలు నిటారుగా, గుండ్రంగా ఉన్నాయి. తొలినాటి యూరప్ బండ్లలా వాలు దీపాలు పెట్టించి ఒరిజినల్‌గా చేయాలని కోరిక. కుదురుతుందా?
– ఎం.వి., న్యూజెర్సీ

జవాబు: మీ బండికి ఒరిజినల్ ఆ నిటారు దీపాలేనండీ. 1968 నుంచి అమెరికాలో అమ్మే కార్ల హెడ్‌లైట్ల మీద గాజు, ప్లాస్టిక్ మూతలు కుదరవని కేంద్ర రూలు వచ్చింది. ఒకే ముక్కగా ఉండే సీల్డ్ బీమ్ దీపమైతే అక్కడ అప్పటికే, 1940 నుంచీ తప్పనిసరిగా ఉండేది. ఆ రూలు దెబ్బకు ఫెరారీ డేటోనా కూడా తలవంచింది. 1968లో ముందంతా పారదర్శక ప్లెక్సీగ్లాస్‌తో వచ్చిన కారుకు 1971లో పైకి లేచే దీపాలు పెట్టారు. ఫియట్ వాళ్ళు 850 ఇంజన్‌ను సైతం అమెరికా కోసం కొంతకాలం 817 సీసీకి తగ్గించారు, 50 క్యూబిక్ అంగుళాల లోపుంటే కాలుష్యం రూలు వర్తించదని! దీపాలు మార్చాలంటే అవి కూర్చునే చోట రేకు ఆకారమే వేరు కాబట్టి ఫెండరు కోసి అతకాలి. మంచి రేకును కోయడానికి నేను సలహా ఇవ్వను. పైగా మీకో అదృష్టం ఉంది. సీల్డ్ బీమ్‌లో అద్దం, రిఫ్లెక్టర్, ఫిలమెంటు కలిపి ఒకే ముక్క. మసకబారితే కొత్తది బిగించుకోవడమే. పై జవాబులో చెప్పిన తిప్పలేవీ మీకు లేవు, వైరింగు ముక్క ఒక్కటి తప్ప.

ప్రశ్న: మా ప్రీమియర్ పద్మినికి హైవే కోసం 100/90 వాట్ల బల్బులు వేయించాను. నెల తిరక్కుండా లైటు స్విచ్చి కరిగింది. స్విచ్చి నాసిరకందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: స్విచ్చి తప్పేం లేదమ్మా. రెండు 100 వాట్ల బల్బులంటే 12 వోల్టుల మీద పదహారు ఆంపియర్ల పైనే. పద్మిని స్విచ్చి దానికి సగం మోయడానికి చేసింది. పైగా ఆ బల్బులు రోడ్డు మీద వాడడానికి అనుమతి ఉన్నవి కావు, ఎదుటివాళ్ళకూ ఇబ్బందే. 60/55 వాట్లవి వేసి, రెండు రిలేలు పెట్టించి, ఎర్త్ వైర్లు కొత్తవి లాగించండి. కరిగిన స్విచ్చి దగ్గర వైర్ల తొడుగు కూడా గట్టిపడి పెళుసుగా అయ్యుంటుంది, మెకానిక్‌తో ఆ జానెడు వైరు కోయించి కొత్తది వేయించండి. ఆ పని అయ్యేదాకా రాత్రిపూట బండి తీయకండి.