తెల్ల గౌను బీరువాలోనే ఉండిపోయింది

ప్రశ్న: మేము చెన్నై తిరువాన్మియూరులో ఉంటాం. నా పుట్టిల్లు బందరు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. మావారిది ఒంగోలు, తరతరాలుగా బాప్టిస్టులు. బాబుకు ఎనిమిదో నెల. నాలుగో నెలలోనే బాప్తిస్మం ఇప్పిద్దామని అమ్మ తెల్ల గౌను కుట్టించి తెచ్చింది. వాడు పెద్దవాడై తానే అడగాలని మావారు, అత్తయ్య ఒప్పుకోలేదు. మొన్న బాబుకు జ్వరం వస్తే ‘బాప్తిస్మం లేని బిడ్డ’ అంటూ అమ్మ ఫోనులో ఏడ్చింది. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. వచ్చే నెల మావారు పని మీద ఊరు వెళుతున్నారు. అప్పుడు బందరు వచ్చి కానిచ్చెయ్యమంటోంది అమ్మ. వెళ్లనా?

జవాబు: వెళ్లండి, అమ్మను చూసి రండి. బాప్తిస్మం మాత్రం వద్దమ్మా.

ముందు ఆ భయం సంగతి. ఒళ్లు కాలిపోతున్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని అర్ధరాత్రి విన్న మాట తెల్లవారినా వదలదు. కానీ బాప్తిస్మం అందని పసివాడిని దేవుడు తోసేస్తాడన్నది మీ రెండు సంఘాల బోధలోనూ లేదు. జ్ఞానస్నానం (బాప్తిస్మానికి వాళ్ల మాట) ఆలస్యం చేయవద్దని పట్టుబట్టే కతోలికులు కూడా అలాంటి బిడ్డలను దేవుని కనికరానికే అప్పగిస్తారు. వారి రక్షణ కోసం ఆశపడడానికి బలమైన కారణాలున్నాయని 2007లో వాటికన్ దైవశాస్త్ర సంఘమే రాసింది. ఈ ముక్క అమ్మకు ఫోనులో కాదు, పక్కన కూర్చుని చెప్పండి.

ఇక అత్తయ్యది మొండితనం అనుకోకండి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వే పని తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. మీ పేట పక్కనుంచి నల్లగా పారుతున్నది ఆ కాలువే. గింజల కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ‘తెలిసి, అడిగి తీసుకోవాలి’ అన్న మాట ఆ ఇంట్లో ఈనాటిది కాదు.

అమ్మ మాటా తక్కువది కాదు. మీ వైపు నీళ్లు ముందు, ఒప్పుకోలు తర్వాత. కన్ఫర్మేషన్ నాడు బిషప్పుగారు తల మీద చేతులుంచేటప్పుడు, పెద్దలు తమ తరఫున ఇచ్చిన మాటను పిల్లలు సొంత నోటితో చెబుతారు. అత్తయ్య వైపు పసిబిడ్డకు ప్రార్థన ముందు, నీళ్లు తర్వాత. 1947 సెప్టెంబరు 27న ఈ చెన్నైలోనే, సెయింట్ జార్జి కథెడ్రల్‌లో ఎన్నో సంఘాలు కలిసి సీఎస్ఐ అయ్యాయి, బాప్టిస్టులు చేరలేదు. నాలుగు వందల ఏళ్లుగా పండితులకే తెగని వాదన మీ వంటింట్లో తెగుతుందా?

చాటుగా చేస్తే ఏమవుతుందో చూడండి. సీఎస్ఐలో బాప్తిస్మం ఒక్కసారే. మీవారి సంఘంలో పసితనంలో చల్లిన నీళ్లు లెక్కకు రావు. పదహారేళ్ల తర్వాత వాడు నీళ్లలోకి దిగుతానంటే, ‘నీకు ఎప్పుడో అయిపోయిందిరా’ అని తండ్రి ఎదుట చెప్పవలసింది మీరే. పైగా బిడ్డను విశ్వాసంలో పెంచుతామని తల్లిదండ్రులు గుడిలో మాట ఇవ్వాలి. తండ్రికి తెలియని ఆ మాట మీరు ఏ గొంతుతో పలుకుతారు?

నాకు అసలు కోపం మీవారి మీద. వద్దని చెప్పి ఊరుకున్నారు, మధ్యలో మిమ్మల్ని నిలబెట్టారు. మీ అమ్మకు ఆయనే స్వయంగా ఫోను చేయాలి. ‘ఎందుకు ఆగుతున్నామంటే’ అని మొదలుపెట్టి, ఆవిడ ఏడిస్తే విని, ఆ తర్వాతే పెట్టెయ్యాలి.

ఆయన ఊరినుంచి వచ్చాక శిశు ప్రతిష్ఠ పెట్టించండి. హన్నా సమూయేలును, మరియ యేసును మందిరానికి తీసుకెళ్లినట్టు బిడ్డను దేవుని ముందుంచి ప్రార్థిస్తారు, బాప్టిస్టులకు అలవాటైనదే. బందరు నుంచి మీ పాస్టరుగారిని కూడా పిలవండి. బాబును అమ్మ ఎత్తుకుంటుంది, అత్తయ్య వాక్యం చదువుతుంది.

నాలుగు నెలల కొలతతో కుట్టిన గౌను ఈపాటికి బిగుతై ఉంటుంది. చంకల దగ్గర కుట్టు విప్పి గుడ్డ కలపగలడేమో దర్జీని అడగండి.