మూడు నెట్‌వర్కులు కలపబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "దానికేదో రౌటింగ్ పని అప్పజెప్పారట, శనివారం రాత్రి ఒక్కతే కూర్చుని చేస్తుందట" అంది. మన పిల్ల ఇంతదైందా అనిపించింది. ఆ 'ఒక్కతే' అన్న మాట మాత్రం రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

నువ్వు పంపిన బొమ్మ చూశాను. లినక్స్ పెట్టె, నాలుగు నెట్‌వర్క్ కార్డులు, మూడింటికి మూడు లోపలి నెట్‌వర్కులు, నాలుగోది ఇంటర్నెట్ రౌటర్ వైపు. బాగుంది. మూలన 'ఓఎస్‌పీఎఫ్' అని రాశావు చూడు, అది కొట్టెయ్. మూడూ ఒకే పెట్టెకి తగులుకున్నప్పుడు వాటి రూట్లు, అంటే దారులు, వాటంతటవే పెట్టె రౌటింగ్ టేబుల్లోకి వస్తాయి. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకోడానికి కదా ఆ ప్రోటోకాల్, ఇక ఇక్కడ అది ఎవరితో మాట్లాడుతుందే?

అడ్రసులు 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ పత్రం లోపలి వాడకానికి కేటాయించిన వాటిలోంచే తీసుకో. 192.168.0, 192.168.1 జోలికి మాత్రం పోకు. చాలా ఇళ్ళ రౌటర్లు వాటితోనే వస్తాయి. రేపు ఎవరైనా ఇంటి నుంచి వీపీఎన్‌లో వస్తే ఏది ఇల్లో, ఏది ఆఫీసో వాళ్ళ మెషిన్‌కే తేలదు. ఒక కార్డులో వచ్చిన ప్యాకెట్‌ని ఇంకో కార్డులోంచి పంపే ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చెయ్యడం, రీబూట్ అయినా పోకుండా ఫైల్లో రాయడం నీకు నేను చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది మాస్క్ గురించి, అదే, అడ్రస్‌లో ఎంత భాగం నెట్‌వర్కుదో మెషిన్‌కి చెప్పే అంకె గురించి.

అప్పుడు నాకు నీ వయసే. రెండు నెట్‌వర్కులు: 192.168.10, 192.168.20. మధ్యలో పాత రౌటర్. సగం మెషిన్లకి నేనే చేత్తో అడ్రసులు కొట్టాను, మిగతావి ఇంకొకాయన చేశాడు. 255.255.255.0 కొట్టాల్సిన చోట నేను 255.255.0.0 కొట్టాను. ఒకదానికి కాదు, నేను ముట్టుకున్న ప్రతిదానికీ. అయినా అంతా పనిచేసింది. ఏడాది పైగా పనిచేసింది.

తర్వాత కొత్త రౌటర్ వచ్చింది. బిగించినవాడు కొత్తగా చేరిన కుర్రాడు. తెల్లారేసరికి సగం మెషిన్లు పక్క నెట్‌వర్కుకి వెళ్ళడం లేదు. వింతేమిటంటే వాటిలో ఇంటర్నెట్ మాత్రం శుభ్రంగా వస్తోంది! పాత రౌటర్ తిరిగి పెడితే అన్నీ బాగున్నాయి. ఇంకేం కావాలి నాకు? కొత్త పెట్టె పాడైందన్నాను, కుర్రాడికి బిగించడం రాదన్నాను. నలుగురి ముందూ అన్నాను. పెట్టెని వెనక్కి పంపించేశాను కూడా.

ఆ కుర్రాడు ఎదురు మాట్లాడలేదు. సాయంత్రం అందరూ వెళ్ళాక నా మెషిన్ ముందు కూర్చుని ఆర్ప్ టేబుల్, అంటే తన నెట్‌వర్కులో ఏ అడ్రస్ ఏ కార్డుదో మెషిన్ రాసిపెట్టుకునే పట్టీ, తీశాడు. "సార్, ఒక్కసారి చూడండి" అన్నాడు. 192.168.20తో మొదలయ్యే అడ్రసులు వరసగా ఉన్నాయి. ప్రతిదాని పక్కనా ఒకటే మ్యాక్ అడ్రస్, అంటే కార్డు సొంత నంబర్. అది రౌటర్‌ది. అసలు ఆ అడ్రసులు ఆ టేబుల్లో ఉండనే కూడదు.

అర్థమైందిగా? నేను కొట్టిన మాస్క్ ప్రకారం పక్క నెట్‌వర్క్ కూడా ఇక్కడిదే అనుకుని మెషిన్ నేరుగా "192.168.20.7 ఎవరు?" అని కేకేసేది. పాత రౌటర్లో ప్రాక్సీ ఆర్ప్ ఆన్‌లో ఉంది. అది "నేనే" అని పలికి, ప్యాకెట్ పుచ్చుకుని, అవతలికి పంపేది. కొత్తదాంట్లో అది ఆఫ్. కేకేస్తే పలికేవాడు లేడు. ఇంటర్నెట్ అడ్రసులు ఆ మాస్క్‌లో పడవు కాబట్టి అవి ఎప్పటిలా గేట్‌వేకి, అంటే రౌటర్‌కి, పోయేవి. కొత్త పెట్టెలో ఏ లోపమూ లేదు. ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆ వారం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే శనివారం ఏదైనా మొదటి దెబ్బకే పనిచేస్తే చంకలు గుద్దుకోకు. ప్రతి నెట్‌వర్క్ నుంచీ ఒక మెషిన్‌లో ఆర్ప్ టేబుల్ తీసి చూడు.

ఇంకో చోట కూడా నువ్వు ఇలాగే బోల్తా పడే వీలుంది. ఇంటర్నెట్ రౌటర్‌కి నీ మూడు నెట్‌వర్కులు ఎక్కడున్నాయో తెలీదు. పింగ్ వెళ్తుంది, జవాబుకి దారి ఉండదు. అప్పుడు ఎవరో ఒకరు "మాస్కరేడ్ పెట్టెయ్, అయిపోతుంది" అంటారు. నిజమే, అయిపోతుంది. తర్వాత ఇంటర్నెట్ రౌటర్ లాగ్‌లో అందరూ నీ పెట్టె అడ్రస్‌తోనే కనిపిస్తారు, ఏ మెషిన్ గొడవ చేస్తోందో పట్టుకోలేక ఏడుస్తావు. బద్ధకించకుండా ఆ రౌటర్లో నెట్‌వర్కుకొకటి చొప్పున మూడు స్టాటిక్ రూట్లు చేత్తో రాయి. అనుమానం వస్తే వచ్చిపోయే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ పెట్టి చూడు, పింగ్ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కళ్ళకి కనబడుతుంది.

ఇంట్లో కూర్చుని రిమోట్‌లో చేస్తానంటే మాత్రం ఊరుకోను. ఒక్క రూట్ తప్పు పడితే నీ కనెక్షనే తెగుతుంది, తలుపు లోపల గడియ పడ్డట్టే. కీబోర్డు, మానిటర్ పెట్టెకే తగిలించుకో. తప్పక రిమోట్‌లో చెయ్యాల్సొస్తే, ముందు పది నిమిషాల్లో రీబూట్ అయ్యేలా షెడ్యూల్ పెట్టి, ఫైల్లో సేవ్ చెయ్యకుండా మార్పు చెయ్యి. బాగుంటే రీబూట్ రద్దు చేసి అప్పుడు సేవ్ చేసుకో. తెగిపోతే పది నిమిషాలు ఓపిక పట్టు, పాత రూట్లతో అదే లేస్తుంది.

ఏం చిక్కొచ్చినా నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే. మీ అమ్మకి మాత్రం ఆలస్యమవుతుందని ముందే చెప్పు. లేకపోతే నీకంటే ముందు ఆవిడ ఫోన్ వస్తుంది నాకు.

మామయ్య