మద్రాసు కచేరీలకు వెళుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, విశాఖపట్నం నుంచి మీ అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఈ డిసెంబరులో సెలవు పెట్టి, ఒక్కదానివే చెన్నై వెళ్లి కచేరీలు వినబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల సంగీతం కోసం ఊరు దాటి వెళ్లడం ఇదే మొదలు కనుక నాకు చాలా గర్వంగా ఉంది. కానీ నువ్వు వేసుకున్న పట్టిక వాడు నాకు పంపించాక బెంగ పట్టుకుంది. పొద్దున్నే మ్యూజిక్ అకాడమీలో ప్రసంగం, మధ్యాహ్నం మైలాపూరులో ఒక కచేరీ, సాయంత్రం ఇంకొక చోట సగం, అక్కడి నుంచి లేచి రాత్రికి నారద గానసభ. వినకముందే ఎక్కడ లేచి వెళ్లాలో నిర్ణయించేసుకున్నావు. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని గురించే.

ప్రయాణం సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు. డిసెంబరులో అక్కడ వానలు పూర్తిగా పోవు కనుక గొడుగు పెట్టుకో. బస మైలాపూరు చుట్టుపక్కల చూసుకో. చాలా సభలలో మధ్యాహ్నం కచేరీలకు టికెట్టు ఉండదు, పైకి వస్తున్న పిల్లలు అప్పుడే పాడతారు, వాటిని చిన్నచూపు చూడకు. రాత్రి కచేరీ ముగిశాక నీళ్లు నిలిచిన వీధుల్లో నడిచి రావద్దు. ఆటో ఎక్కి, గది చేరాక నాకు ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1970ల నాటి మాట, స్నేహితులతో కలిసి ఏటా రాత్రి బండి ఎక్కి మద్రాసు వెళ్లేవారు. పెళ్లయిన కొత్తలో నాకు రాత్రిళ్లు చెప్పిన కబుర్లన్నీ అవే. ప్రధాన కీర్తన అయి, పాట ఆగి మృదంగం వంటి తాళవాద్యాలే వినిపించే తని ఆవర్తనం మొదలు కాగానే లేచి, బస్సు పట్టుకొని మరో సభకు పరుగెత్తేవారట. పాల్ఘాట్ మణి అయ్యర్ వంటి వారు మృదంగం వాయిస్తున్న కాలంలో, మృదంగం మాట్లాడే వేళకే వీళ్లు లేచిపోయేవారన్నమాట. ఒక సాయంత్రం ఎం.డి. రామనాథన్ గారి కచేరీకి వెళ్లారు. ఆయనది మంద్రంలో, అంటే కింది స్థాయిలో నిలిచే గొంతు, పాడేది నిదానమైన విళంబకాలం, ఒక సంగతి, అంటే పాదాన్ని మలిచే ఒక తీరు, పాడి, అది వినేవారిలో ఇంకే దాకా ఆగి, అప్పుడు గాని రెండోది ఎత్తుకోరు. ఇలా నిదానంగా సాగితే రెండో కచేరీ అందదని స్నేహితులు తొందర పెడితే మీ మామయ్య కూడా లేచారు. తీరా వెళ్లేసరికి ఆ రెండో సభ కిక్కిరిసిపోయి, తలుపు బయట నిలబడి కచేరీ చివర పాడే చిన్న పాటలు, తుక్కడాలు, రెండు విని వచ్చారట. తరువాత సంసారం, పిల్లలు, సెలవులు దొరకకపోవడం. 1984లో రామనాథన్ గారు వెళ్లిపోయారు. ఆయన క్యాసెట్లు కొని తెచ్చి, కిటికీ దగ్గర కూర్చుని విన్నప్పుడల్లా మీ మామయ్య ఆ సాయంత్రం తలచుకొనేవారు. వదిలి వచ్చిన రాగం సహాన అని ఒకరోజు అనేవారు, కాదేమోనని మరొకరోజు ఆయనే అనేవారు.

ఆయన డైరీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పేజీ నిండా రాగాల పేర్లు, పాడినవారి పేర్లు, ఒక్కొక్కదానికి టిక్కు. ఎలా పాడారో ఎక్కడా ఒక్క ముక్క లేదు. చివరి రోజుల్లో ఆ పేజీలు తిప్పుతూ "ఈ కల్యాణి ఎలా ఉండేదే?" అని నన్ను అడిగేవారు. ఆ కచేరీకి వెళ్లని దాన్ని, ఏం చెప్పగలను తల్లీ? నీ చేతిలో కూడా అటువంటి పట్టిక ఒకటి మిగులుతుందేమోనని నా భయం.

నేను మద్రాసు చూడలేదు. కాలేజీ రోజుల్లో ఇక్కడే, టర్నర్ సత్రంలో ఈమని శంకరశాస్త్రి గారి వీణ విన్నాను. ఒక్కసారి మీటి, ఆ నాదం ఆరేలోగా తీగను మెట్టు మీద లాగి నాలుగైదు స్వరాలు పలికించేవారు. సముద్రపు తేమకు మృదంగం శ్రుతి దిగిపోతే, ఆ విద్వాంసుడు ఒళ్లో పెట్టుకున్న రాతితో అంచులు తట్టి సరిచేసుకునేవాడు, అంతవరకు శాస్త్రిగారు తొందరపడకుండా ఎదురుచూసేవారు. మంగళం దాకా కదలకుండా కూర్చున్నాను కనుకనే ఇన్నేళ్లయినా ఆ సాయంత్రం నాకు విడిగా గుర్తుంది.

అందుచేత రోజుకు ఒక్క కచేరీ పెట్టుకో, పోనీ పొద్దుటి ప్రసంగం కూడా విను, అంతకు మించవద్దు. తని ఆవర్తనంలో క్యాంటీను వైపు చూస్తే ఊరుకోను. త్యాగరాజ కీర్తనలో నెరవల్‌కు, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా మళ్లీ మళ్లీ పాడడానికి, ఏ పాదం ఎత్తుకున్నారో గమనించు, ఆ మాట తిరిగి తిరిగి వస్తున్నప్పుడు పక్క సీటువారికి అందని భావం తెలుగుపిల్లవి నీకు అందుతుంది. రాగం పేరు తెలియకపోతే సిగ్గుపడకుండా పక్కవారిని అడుగు. గదికి వచ్చి నాకు ఫోను చేశాక, పడుకోబోయే ముందు, ఎవరు పాడారు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, నీ ఒళ్లు ఎక్కడ పులకరించింది అన్నవి చేత్తో రాసుకో. పొద్దున్న రాద్దామనుకుంటే సగం పోతుంది.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు. నీ వయసులో నాకు లేని ధైర్యం నీకుంది, అది చూసి మీ మామయ్య ఎంత మురిసిపోయేవారో. ఆ పట్టిక దిద్ది మళ్లీ నాకు పంపించు. టికెట్ల డబ్బు మీ నాన్నను అడగవద్దు, నేను పంపుతున్నాను, రాత్రి కచేరీలకు కాస్త ముందు వరుసలోనే తీసుకో.

ఇట్లు,
మీ అత్తయ్య