పాత సుబారు ఫారెస్టర్: 2010, 2012, 2015లో ఏది మేలు?

అమెరికాలో మంచు పడే ఊళ్లో పాత ఫారెస్టర్ కారు కొనాలంటే, 2012 టర్బో లేనిదే నా ఓటు.

2010దీ 2012దీ ఒకే తరం, ఒకే బాడీ. తేడా అంతా ఇంజన్‌లోనే. 2010లో ఉన్నది టైమింగ్ బెల్ట్ (వాల్వులు సమయానికి తెరుచుకునేలా తిప్పే పట్టీ) ఇంజన్. 1,05,000 మైళ్లకు బెల్ట్ మార్చాలి, తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మార్చేటప్పుడే బెల్ట్‌ను బిగువుగా, దారిలో ఉంచే టెన్షనర్, ఐడ్లర్లు, ఇంకా వాటర్ పంపు కూడా వేయించండి. ఇంజన్ చల్లారాక టార్చితో కింద నుంచి చూడండి: హెడ్డూ బ్లాకూ కలిసే అంచున తడి ఉంటే హెడ్ గాస్కెట్ (ఆ రెండింటి మధ్య సీలు) పోతున్నట్టే.

2011 నుంచి బెల్ట్ బదులు చైన్ వచ్చింది (టర్బోకి మాత్రం 2013 దాకా బెల్టే). కాకపోతే కొన్ని ఆయిల్ తాగుతాయి. వెయ్యి మైళ్లకోసారి డిప్‌స్టిక్ చూడాల్సిందే.

2015ది ఆ తర్వాతి తరం. ఆటోమేటిక్‌లో నాలుగు గేర్ల పెట్టె పోయి సీవీటీ (విడి గేర్లు లేకుండా వేగాన్ని బట్టి సర్దుకునే పెట్టె), జారే దారికి ఎక్స్‌మోడ్ వచ్చాయి. మైలేజీ బాగుంటుంది, సీవీటీ చెడితే ఖర్చు మాత్రం గూబ గుయ్యిమంటుంది.

ఏదైనా సరే, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోనివ్వండి. బండి పట్టేసినట్టు కుదిపితే టైర్లు చూడండి. నాలుగింటి చుట్టుకొలతలో తేడా పావు అంగుళం దాటకూడదు.