టోటల్ లాస్ కారు కొనవచ్చా?

ప్రశ్న: పార్వతీపురంలో ఒక షెడ్డులో ఏపీ 39 నంబరు కారు చూశాం. బీమా కంపెనీ టోటల్ లాస్ కింద వదిలేసినదాన్ని కొని బాగుచేశారట. ధర మార్కెట్లో సగమే. అమెరికాలో ఇలాంటి బండ్లకు సాల్వేజ్ టైటిల్ ఉంటుందంటారు. మన ఆర్సీలోనూ ఆ సంగతి తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: తెలియదండి. అక్కడ యాజమాన్య పత్రం మీదే 'సాల్వేజ్' ముద్ర పడుతుంది. మన ఆర్సీలో అలాంటి గడి లేదు. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే టోటల్ లాస్‌గా లెక్కగట్టి సొమ్ము ఇచ్చేస్తారు. ఇక తిరగడానికి పనికిరాని బండి అయితే యజమాని 14 రోజుల్లో ఆర్టీవోకు తెలిపి ఆర్సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను చెబుతోంది. అది జరగకుండానే బండ్లు చేతులు మారుతుంటాయి.

ముందు ప్రభుత్వ యాప్ ఎం పరివాహన్‌లో నంబరు కొట్టి చూడండి. ఆర్సీ రద్దయి ఉంటే మీరు కొనేది తుక్కే. బీమా సర్వేయరు రిపోర్టు, దెబ్బతిన్ననాటి ఫొటోలు అడగండి. ఇవ్వనంటే బేరం అక్కడే ఆపేయండి.

తర్వాత బండి. మెరుపు చూసి మురిసిపోవద్దు. కంపెనీ రంగు సుమారు 100–150 మైక్రాన్ల మందం ఉంటుంది, లప్పం పెట్టినచోట 300 దాటేస్తుంది. ఆ మందం కొలిచే మీటరు లేకపోతే చిన్న అయస్కాంతం చాలు: లప్పం దళసరిగా ఉన్నచోట అంటుకోదు. తలుపుల రబ్బరు బీడింగు లాగితే స్పాట్ వెల్డింగ్ గుంటలు వరసగా కనబడాలి. వాటి బదులు వెల్డింగ్ గీత ఉంటే కోసి అతికించినట్టే.

అసలు ప్రాణం బొనెట్ కింద, ఇంజనుకు రెండు పక్కలా ఉండే ఛాసిస్ కొమ్ముల్లో ఉంది. గుద్దినప్పుడు ముడుచుకుని దెబ్బను మింగేవి అవే. చాలా కార్లలో వాటిని హైస్ట్రెంగ్త్ స్టీలుతో చేస్తారు. గ్యాసు మంటతో కాల్చి సాగదీస్తే ఆ బలం పోతుంది, మళ్లీ గుద్దితే ఎలా ముడుచుకుంటాయో చెప్పలేం. జిగ్ (బండిని కదలకుండా పట్టి ఉంచే ఇనుప చట్రం) మీద బిగించి చల్లగానే లాగాలి. మడత పడి ఉంటే మార్చాల్సిందే. స్టీరింగు నేరుగా పెట్టి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు పక్కలా టేపు వేయండి. తేడా 5–6 మిల్లీమీటర్లు దాటితే అనుమానించండి. ఛాసిస్ నంబరు చుట్టూ వెల్డింగ్ కనబడితే మాత్రం మారు మాట్లాడకుండా వచ్చేయండి, అది పోలీసు కేసు దాకా పోతుంది.

ఇవన్నీ నెగ్గినా ఆంధ్రా ఆర్టీవో నుంచి ఎన్ఓసీకి (నిరభ్యంతర పత్రానికి) ఫారం 28, బదిలీకి 29, 30, ఆపైన ఒడిశా రోడ్డు టాక్సు ఉన్నాయి. అవి కలిపాక ఆ 'సగం ధర' ఎంతకు తేలుతుందో లెక్క వేసుకోండి.

ప్రశ్న: నా కారులో ముందు ఎయిర్‌బ్యాగులు రెండూ పేలాయి. డ్యాష్‌బోర్డు అతికించి, వార్నింగ్ లైటు ఆరిపోయేలా చేస్తానంటున్నాడు మెకానిక్. సరేననమంటారా?
– ఒక పాఠకురాలు, గుణుపూర్

జవాబు: వద్దమ్మా. బ్యాగు ప్లగ్గులో రెండు మూడు ఓమ్‌ల రెసిస్టరు పెడితే కారులోని కంప్యూటరు బ్యాగు ఉందనుకుని లైటు ఆర్పేస్తుంది. స్కానరూ అదే నమ్ముతుంది! బ్యాగులతోపాటు మాడ్యూలు (ఆ కంప్యూటరే), ప్రిటెన్షనర్ (గుద్దినప్పుడు బెల్టును బిగించే భాగం) పేలిన సీటు బెల్టులు మార్చాలి. స్టీరింగు వెనక బ్యాగుకు కరెంటు అందించే క్లాక్ స్ప్రింగ్, ముందు సెన్సర్లు కూడా పరీక్షించాలి. తుక్కు దుకాణం బ్యాగులు తీసుకోవద్దు. జీరో డెప్ (విడిభాగాల తరుగుదల కోయని కవరు) లేని పాలసీ అయితే బ్యాగుల ధరలో 50 శాతం మీరే పెట్టుకోవాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి 10 నిమిషాలు ఆగమనండి. బండి తీసుకునేటప్పుడు ఇగ్నిషన్ వేసి చూడండి: లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎక్కడో తప్పించారన్నమాట.